సగం డ్రైవింగ్ కారుది, తప్పు మాత్రం మొత్తం మనదా?

పోయిన కోతలప్పుడు రాత్రిపూట సూర్యాపేట నుంచి జనగామ వెళ్తున్నాం. ఒకచోట రోడ్డులో సగం దాకా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి, పైన నల్ల టార్పాలిన్ కప్పారు. తప్పిద్దామని స్టీరింగ్ కుడికి తిప్పితే, కొత్త కారు కదా, కెమెరాతో గీతలు చూసి స్టీరింగ్ తనే తిప్పే రకం, లేన్ దాటుతున్నానని అది ఎడమకి లాగుతోంది, అంటే సరిగ్గా ఆ రాళ్ల వైపుకి! గట్టిగా తిప్పి బయటపడ్డాను గానీ చేతులు వణికాయి. వెనక సీట్లోంచి అమ్మ "మెల్లగ పో బిడ్డా, కుప్ప పక్కన ఎవరన్న పండుకొని ఉంటరు" అంది. నిజంగానే నాలుగడుగుల అవతల నులక మంచం మీద ఒక పెద్దాయన ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. రాళ్ల వరస చూడగానే కావలి మనిషి ఉంటాడని అమ్మకి తెలుసు. ఆ సంగతి ఏ కెమెరాకి ఎవరు నేర్పారు?

2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకామెను ఊబర్ కంపెనీ పరీక్షిస్తున్న, తనంతట తనే నడిచే కారు గుద్దింది, ఆమె చనిపోయింది. కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టిందని దర్యాప్తులో తేలింది. కానీ ఒకసారి ఏదో వస్తువు అనుకుంది, ఒకసారి వాహనం, ఇంకోసారి సైకిల్, అలా మాట మార్చిన ప్రతిసారీ ఆమె అప్పటిదాకా ఎటు కదిలిందన్న లెక్క వదిలేసి మళ్లీ మొదటికొచ్చింది. క్రాసింగ్ లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. మన ఊళ్లలో క్రాసింగ్ ఎక్కడుందని?

నాకు కోపం వచ్చేది ఆ తర్వాత జరిగినదానికి. కంపెనీ మీద క్రిమినల్ కేసు లేదు. కారు తప్పు చేస్తే ఆపడానికి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టిన ఆపరేటర్ మీద పెట్టారు, 2023లో ఆమె నేరం ఒప్పుకుంది, జైలుకి బదులు 3 ఏళ్ల ప్రొబేషన్, అంటే నిఘాలో ఉండాలని శిక్ష పడింది. ఫోన్ చూసింది, తప్పే, కాదనను. కానీ పనంతా మెషీన్‌కి అప్పజెప్పి మనిషిని గంటలకొద్దీ ఊరికే కూర్చోబెట్టి, ఆఖరి సెకనులో మాత్రం నువ్వే చూసుకోవాలంటే ఎలా? ఖాళీగా కూర్చుంటే ఎవరికైనా ధ్యాస పోతుంది.

ఇక్కడ అమ్ముతున్నవి లెవెల్ 2 కార్లు, అంటే స్టీరింగ్, వేగం కారు కొంత చూసుకున్నా డ్రైవర్ రోడ్డు మీద కన్నేసి ఉంచాల్సిందే, ఏం జరిగినా బాధ్యత డ్రైవర్‌దే. ఆ ముక్క మాన్యువల్‌లో ఉంది. షోరూమ్ కుర్రాడు మాత్రం మధ్యాహ్నం ఎండలో ఔటర్ రింగ్ రోడ్డెక్కించి, స్టీరింగ్ వదిలేసి "చూశారా సార్, తనే నడుస్తుంది" అన్నాడు.

మా బావమరిది వచ్చే నెల అదే కారు తీసుకుంటున్నాడు. టెస్ట్ డ్రైవ్ రాత్రి కావాలని, గీతలు చెరిగిపోయిన రోడ్డు మీదే కావాలని, మామయ్యని కూడా వెనక కూర్చోబెట్టుకుని వెళ్లమని చెప్పాను.