బాపు పత్తి, డాలస్ ఓటీపీ

2025 నవంబరులో ఒక రాత్రి ఒంటిగంటకు డాలస్‌లో మా ఇంట్లో ఫోన్ మోగింది. ఆ వేళకు ఇంటి నుంచి ఫోన్ వస్తే మనలో ఎవరికైనా గుండె జారుతుంది. ఎత్తితే బాపు, మా నాన్న. మంచీచెడూ ఏమీ లేదు. "ఓటీపీ వచ్చిందారా?"

వచ్చింది, కానీ పాత ఇండియా సిమ్ ఉన్న ఫోనుకు. ఆ ఫోనేమో కింద వంటింట్లో ఛార్జింగులో ఉంది. మెట్లు దిగి, కళ్ళద్దాలు వెతుక్కుని అంకెలు చదివేసరికి అటు నుంచి ఇంకో గొంతు: "టైమ్ అయిపోయిందన్నా, మళ్ళ కొడుతున్న, ఆగు." పరకాల దగ్గర మా ఊరి జిరాక్స్ షాపు పిల్లగాడు. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ చదివాను. ఈసారి దొరికింది. పత్తి అమ్ముకోవడానికి బాపుకు స్లాట్ ఖరారైంది.

ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కపాస్ కిసాన్ అని ఒక యాప్ తెచ్చింది. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే అందులో పేరుండాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి, ఆ రోజే మిల్లుకు బండి తోలాలి. ఆలోచన చెడ్డదని నేననను. మిల్లు ముందు మూడు రాత్రులు ట్రాక్టర్ కింద పండుకున్న బాపును చిన్నప్పుడు చూసినవాణ్ణే. ఆ ఏడాది పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఊరి మీదికి వచ్చే దళారి అంత ఇవ్వడు కాబట్టి యాప్ తప్పదు. యాప్‌కు ఓటీపీ తప్పదు. ఆ ఓటీపీ నాకొస్తుంది.

ఎందుకు నాకు? 2017లో భూరికార్డుల ప్రక్షాళన అప్పుడు వీఆర్వో ఇంటికొచ్చి ఫోన్ నంబరు అడిగాడు. బాపు దగ్గర ఫోన్ లేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను, నా నంబరు చెప్పారు. అదే నంబరు ఆధార్‌కు, బ్యాంకుకు, రైతుబంధుకు, గ్యాస్ బండకు ఎక్కింది. రెండేళ్ళకు నేను డాలస్ వచ్చాను, నంబరూ నాతోపాటే వచ్చింది. వీఆర్వోల వ్యవస్థనే 2020లో తీసేశారు. నా నంబరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ పత్రిక చదువుతున్నవాళ్ళలో ఎంతమంది సొరుగుల్లో ఇలాంటి సిమ్‌లు ఉన్నాయో ఒకసారి చూసుకోండి. అది పోతే ఊళ్ళో అమ్మానాన్నల బతుకు ఆగిపోతుందని భయపడి, వాడని సిమ్‌కు రీచార్జ్ చేయిస్తూనే ఉంటాం.

లెక్క ప్రకారం మా ఊరికి ఇంటర్నెట్ ఉన్నట్టే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, పొలం గట్టు మీద కూడా 4జీ పడుతుంది. ప్రపంచం లెక్కా ఇలాగే ఉంది. మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ 2024 నివేదిక ప్రకారం సిగ్నలే అందని చోట ఉన్నవాళ్ళు ప్రపంచ జనాభాలో 4 శాతం, దాదాపు 35 కోట్లు. సిగ్నల్ నెత్తి మీద ఉండి కూడా మొబైల్ ఇంటర్నెట్ వాడనివాళ్ళు 39 శాతం, 310 కోట్లు. మా బాపు ఆ 310 కోట్లలో ఒకడు. టవర్ ఇంటి నుంచి కనిపిస్తుంది, దాని ఎర్ర లైటు చూసి రాత్రి దారి గుర్తుపడతాడు కూడా.

ఆ 4 శాతాన్ని కొట్టిపారేయడం లేదు. పరకాల నుంచి ములుగు ఎంతో దూరం కాదు. ములుగు దాటి తాడ్వాయి, కన్నాయిగూడెం, వాజేడు వైపు అడవి లోపలి గూడేలకు పోతే ఇప్పటికీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చోట్లున్నాయి. మేడారం జాతర వచ్చినప్పుడు తాత్కాలిక టవర్లు లారీల మీద దిగుతాయి, తల్లులు వనం చేరగానే అవీ లారీలెక్కి పోతాయి. జనం ఉన్నప్పుడే గిరాకీ, కంపెనీని తప్పుపట్టలేం. అందుకే ఇలాంటి ఊళ్ళ కోసం 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లు పెట్టి, సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకు బీఎస్ఎన్ఎల్ 4జీ ఇస్తామంది. మిషన్ భగీరథ నీళ్ళ పైపులతోపాటు వేసిన రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ కేబుల్ టీ-ఫైబర్ కూడా 2024 డిసెంబరులో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ లాంటి కొన్ని ఊళ్ళలో ప్రయోగంగా మొదలైంది. టవర్ పని ఆలస్యమైనా ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది. దానికి టెండరుంది, కాంట్రాక్టరున్నాడు, రిబ్బన్ కత్తిరించే నాయకుడున్నాడు. 39 శాతానికి ఏ కాంట్రాక్టరూ లేడు.

పైగా చవక డేటా అని మనం ఇక్కడ కూర్చుని అనేస్తాం. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో ప్యాక్ 2024 జులైలో ధరలు పెరిగాక 299 రూపాయలైంది. తెలంగాణలో ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307. అంటే ఫోనుకు ఒక రోజు కూలి. అదీ నెలకు కాదు, 28 రోజులకు. ఏడాదికి పన్నెండు నెలలుంటే రీచార్జులు మాత్రం పదమూడు! ఈ పదమూడో నెలను కనిపెట్టినవాడి తెలివికి దండం. ఇంట్లో రెండు ఫోన్లుంటే ముందు మొగోడి ఫోనుకే పడుతుంది. మా అవ్వ (అమ్మ) ఫోనుకు రీచార్జ్ దసరా చీరలాంటిది, పండుగకు వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21లో, తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 26.5, మగవాళ్ళు 57.4 అని తేలింది. హైదరాబాద్‌ను కలుపుకున్న లెక్క అది.

డేటా అక్కర్లేనివాళ్ళ చేత కూడా డేటా కొనిపించారన్నది ఇంకో సంగతి. మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే వేరే ప్యాక్ ఉండాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం పెట్టాల్సి వచ్చింది. బాపు ఇప్పుడు అదే వేయించుకుంటున్నాడు.

ఇక మన సంగతికి వస్తాను, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. 2021లో కరోనా చదువుల రోజుల్లో మేం కొందరం మిత్రులం చందాలేసుకుని మా వైపు బడి ఒకదానికి ఇరవై ట్యాబ్‌లు ఇచ్చాం. ఒక్కోటి తొమ్మిది వేలు. ఫోటోలు దిగాం, దండలు వేయించుకున్నాం. రెండేళ్ళకు ఇంటికి పోయినప్పుడు ఆ బడికెళ్ళి అడిగితే సారు బీరువా తెరిచి చూపించారు. ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని పెట్టెలు, పైన మా పేర్ల స్టిక్కర్లు. ఒకటి తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బి వెనక రేకు లేచింది. "పిల్లలకిస్తే పగలగొడ్తరని భయం సార్. లెక్క అప్పజెప్పాల్సింది నేనే కదా" అన్నారాయన. ఆయన్ను ఏమంటాం? ఎలా వాడాలో చూపించే మనిషిని మేమూ ఇవ్వలేదు, ఆయన్నూ అడగలేదు. ఇవ్వడం మా సరదా, దాచడం ఆయన డ్యూటీ.

ఇరవై ట్యాబ్‌లు, లక్షా ఎనభై వేలు. అదే డబ్బుతో ఊళ్ళో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒక అమ్మాయికి నెలకు పదివేల చొప్పున పద్దెనిమిది నెలలు జీతం ఇవ్వొచ్చు. పంచాయతీ ఆఫీసులో ఒక కుర్చీ, ఒక ఫోన్, ఒక ప్రింటర్. పత్తి స్లాటు, పింఛను, రేషన్ కార్డులో పేరు చేర్పు, పిల్లల స్కాలర్‌షిప్, బ్యాంకు నుంచి వచ్చిన అర్థం కాని మెసేజ్. అన్నిటికీ ఆమె దగ్గరికి. మహిళా సంఘాల పుస్తకాలు రాసే అమ్మాయిలను మన ఊళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా చూస్తున్నాయి. లక్షల అప్పుల లెక్కలు వాళ్ళ చేతుల మీదుగా నడుస్తున్నాయి. ఆడవాళ్ళు ఆ గడప ఎక్కడానికి మొహమాటపడరు. జిరాక్స్ షాపు ముందు అవ్వ నిలబడదు, అక్కడ మొగపిల్లలు కూర్చుంటారని.

ఇదేం కొత్త ఉపాయం కాదు. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా బటన్ ఫోన్ల మీదే నడిచింది. దాన్ని నిలబెట్టింది వీధి చివరి దుకాణంలో కూర్చుని డబ్బు తీసుకుని, ఇచ్చి, చదువు రానివాళ్ళకు దగ్గరుండి నొక్కి చూపిన ఏజెంటు. కేరళలో 2002లో మలప్పురంలో అక్షయ కేంద్రాలు పెట్టినప్పుడు పెట్టుకున్న గురి, ఇంటికొక్కరికైనా కంప్యూటర్ పట్టుకోవడం రావాలని. ఇంటికొక కంప్యూటర్ ఇస్తామని వాళ్ళు అనలేదు.

అభ్యంతరాలు నాకూ తెలుసు. ఆ మనిషే రేపు దళారి అవుతుంది కదా అన్నాడు ఒక మిత్రుడు. అవ్వొచ్చు. ఇప్పుడు లేడా మరి? బాపు స్లాటుకు జిరాక్స్ షాపులో నూరు రూపాయలిచ్చాడు. పిల్లగాడు మంచివాడు, రెండుసార్లు ఓటీపీ కొట్టినా నూరే తీసుకున్నాడు. కానీ ధర బోర్డు మీద లేదు, వాడి నోట్లో ఉంది. జీతం మనమిస్తే బోర్డు మీద సున్నా రాయించొచ్చు. ఇది సర్కారు పని, మనకెందుకు అన్నాడు ఇంకో మిత్రుడు. నిజమే, సర్కారు పనే. ఓటీపీ రానివాడికి కాగితం మీద అర్జీ తీసుకునే కౌంటరు ఉండాలని కలెక్టరును, ఎమ్మెల్యేను అడగాలి కూడా. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సభలకు అతిథులుగా వచ్చే నాయకులను మనం శాలువా కప్పేటప్పుడైనా ఈ మాట అడగవచ్చు. అడుగుతున్నామా? సెల్ఫీలు దిగుతున్నాం.

అన్నట్టు, బాపు స్లాటు కథ అక్కడితో అయిపోలేదు. అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వాన వరంగల్‌ను ముంచింది కదా, చేన్ల మీది పత్తి నల్లబడింది. ఏరి ఎండబోసినా తేమ దిగలేదు. 12 శాతం దాటితే సీసీఐ కొనదు. స్లాటు రోజేమో యాప్‌లో రాసిపెట్టి ఉంది. మబ్బు పట్టిందని దానికెలా తెలుస్తుంది? బాపు ఆ స్లాటు వదులుకున్నాడు. ఇంకో రాత్రి, ఇంకో ఓటీపీ.

ఆ రెండో రాత్రి తర్వాత నేనే పట్టుబట్టాను, నంబరు మార్చమని. ఆధార్ సెంటరుకు పోయాడు. పత్తి ఏరి ఏరి వేళ్ళు గీసుకుపోయి ఉన్నాయి, మిషను పట్టలేదు. ఆపరేటర్ తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ అదిమి చూసి, ఎండిపోయింది వారం తర్వాత రా అన్నాడు. వారం కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పోయాడు. మూడోసారికి పట్టింది. ఇప్పుడు మెసేజ్‌లు బాపు బటన్ ఫోనుకే వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు, కాంటా మీద తూకం చదివే కళ్ళు అవి. మొన్న ఫోన్ చేసి చెప్పాడు: "ఇగ నువ్వు నిమ్మళంగ పండుకో."