ఇల్లరికం వచ్చిన ఇన్వర్టర్ అల్లుడు గారికి

విశాఖపట్నం,
ఏప్రిల్ నెల, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం.

మహారాజశ్రీ అల్లుడు గారికి,

మీ మామగారు వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం చెమటలతో క్షేమం. తమ క్షేమం మెట్ల కింద వెలుగుతున్న చిన్న లైటు వల్ల ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం ఏమిటి అనుకోకండి. ఎదురుగా నిలబడి అడిగితే మీరు బీప్ అని తప్ప బదులివ్వరు. పైగా ఇల్లరికపు అల్లుణ్ని మొహం మీద నిలదీయడం మా ఇంటావంటా లేదు.

మీరు వచ్చిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. చక్రాల ట్రాలీ మీద ఊరేగుతూ వచ్చారు. మీ వెంట తోడుపెళ్లికొడుకులాగా ట్యూబులర్ బ్యాటరీ. దాన్ని గుమ్మం దాటించడానికి ఇద్దరు మనుషులు పట్టారు, ఇద్దరూ కాఫీ అడిగారు. మీ అత్తగారు మీకు పసుపు రాసి బొట్టు పెట్టి, ఎర్ర నీళ్లతో దిష్టి తీసింది. అంతటితో ఆగకుండా దేవుడి గది పక్కన చోటిద్దామంది. "అమ్మా, చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కనే దీపం పెడతారా?" అని ఎలక్ట్రీషియన్ అడిగేదాకా మా ఇంట్లో ఎవరికీ ఆ ఊహే లేదు. అలా మెట్ల కింద, కిటికీ పక్కన, గాలి ఆడేచోట మీకు విడిది దొరికింది. దేవుడే కాపాడాడని మీ అత్తగారు ఇప్పటికీ ఆ ఎలక్ట్రీషియన్‌కి పండక్కి అరిసెలు పంపుతుంది.

ఇక పెళ్లిచూపుల సంగతి. షాపులో మీ గురించి చెప్పిన మొదటి మాట "తొమ్మిది వందల వీఏ సార్, ఇల్లంతా లాగేస్తుంది" అని. తొమ్మిది వందలు అనగానే నేను పొంగిపోయి మారు ప్రశ్న వేయలేదు. మా అమ్మాయి పెళ్లప్పుడు సంబంధాలవాళ్లు చెప్పిన జీతాలు విన్నవాణ్ని, నాకే ఆ అనుమానం రాకపోవడం విడ్డూరం. వీఏ (వోల్ట్-ఆంపియర్) అంటే ఆఫర్ లెటర్లో రాసే సీటీసీ అనీ, వాట్లు అంటే కటింగులన్నీ పోను చేతికొచ్చే జీతం అనీ తర్వాత తెలిసింది. అందులో చేతికొచ్చే వాటా పేరు పవర్ ఫ్యాక్టర్. అది 0.8 అయితే 900 వీఏకి వచ్చేది 720 వాట్లు. 0.7 అయితే 630. ఆ ముక్క మీ వీపు మీద ఎక్కడుందో వెతకడానికి నాకు కళ్లజోడూ టార్చిలైటూ రెండూ కావలసి వచ్చాయి. ముందువైపు మాత్రం 900 అని అరచేతంత అక్షరాలు!

సరే, మీ జీతం సంగతి వదిలేద్దాం. మీ బ్యాటరీ ఆస్తిపాస్తులు చూద్దాం. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), 12 వోల్టులు. గుణిస్తే 1800 వాట్-అవర్లు. కాగితం మీద రాజ్యం. కానీ ఆ 150 అన్నది ఇరవై గంటలపాటు నింపాదిగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున తోడితే వచ్చే లెక్కట. అంటే 90 వాట్ల లోడు. ఒక ఫ్యాను, ఒక బల్బు వేసుకుని ఇరవై గంటలు కదలకుండా కూర్చునే కుటుంబం మా బంధువర్గంలో లేదు. తొందరపెట్టి తోడితే చెలమలో నీళ్లు తగ్గినట్టు ఇందులోనూ తగ్గుతాయి. పైగా అడుగంటా తోడకూడదు, వందకు ఎనభై దగ్గర ఆపాలి. అందులోంచి మీరు బ్యాటరీలోని డీసీ కరెంటును ఇంటికి కావలసిన ఏసీ కరెంటుగా మార్చినందుకు మీ కమిషన్ వందకు పదిహేను. అన్నీ పోగా మిగిలేది 1200 చిల్లర. మా ఇంట్లో మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, వైఫై డబ్బా కలిపి 350 వాట్లు. అంటే మూడున్నర గంటలు. షాపువాడు ఎన్ని గంటలన్నాడో ఇప్పుడు రాయను. ఉత్తరం చదివి మీకు మొహమాటం కలగవచ్చు.

అయినా మిమ్మల్ని ఒక్కరినే అనడం న్యాయం కాదు. మీకు ముందు ఈ ఇంట్లో అల్లుడి హోదా వెలగబెట్టిన పెద్దమనిషి ఒకరున్నారు, వరసకు మీ తోడల్లుడు. 2012 వేసవిలో వచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు గంటల లెక్కన కోతలు ఉన్న రోజులు. షాపుల్లో ఇన్వర్టర్ దొరకడమే మహాభాగ్యం, గోత్రం అడిగే తీరిక ఎవరికుంది? చవగ్గా వస్తోందని స్క్వేర్ వేవ్ రకం తెచ్చాం.

ఆ రాత్రి జరిగింది చెబుతాను. కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతోంది. సంతోషంగా పడుకున్నాం. పదకొండింటికి మా నాన్నగారు చీకట్లో లేచి, "ఒరేయ్, వీధరుగు మీద ఎవరో పడుకుని గుర్రు పెడుతున్నారు, చూసిరా" అన్నారు. టార్చి పట్టుకుని వెళ్లి చూశాను, ఎవరూ లేరు. తిరిగొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుంటే తెలిసింది, గురక పెడుతున్నది ఫ్యాను. స్తంభం నుంచి వచ్చే కరెంటు మన బీచిలో అలలాగా నున్నగా లేచి నున్నగా దిగుతుంది, సెకనుకు యాభైసార్లు. దాన్నే సైన్ వేవ్ అంటారు. మీ తోడల్లుడి గారి స్క్వేర్ వేవ్ అలా కాదు. గోడ ఎక్కి దూకినట్టు ఒక్కసారిగా పైకి, ఒక్కసారిగా కిందికి. ఎల్‌ఈడీ బల్బూ ఫోను చార్జరూ అంతగా పట్టించుకోవు. మోటారు ఉన్న ప్రతి వస్తువూ పట్టించుకుంటుంది. గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. నాన్నగారు ఆయాసానికి మందు పీల్చే నెబ్యులైజర్ ముట్టుకుంటే కాలేంత వేడెక్కేది. 'మాడిఫైడ్ సైన్ వేవ్' అని మరో రకం ఉంది. పేరు చూసి మోసపోయేరు, అది అదే చొక్కాకి ఇస్త్రీ చేసి తొడిగినట్టు. ప్యూర్ సైన్ వేవ్ అని పెట్టె మీద స్పష్టంగా ఉంటేనే ఇంట్లోకి రానివ్వాలని నాన్నగారు ఆ రాత్రే శాసనం చేశారు. మీకు మా గుమ్మం దొరికింది ఆ శాసనం పుణ్యమే.

మీ తోడల్లుడి కథ హుద్‌హుద్ తుఫానుతో ముగిసింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఊళ్లో చెట్లూ స్తంభాలూ కలిసికట్టుగా నేలకొరిగాయి. ఆ సాయంత్రం మీ తోడల్లుడు వీరుడిలా నిలబడి మూడు గంటలు దీపం చూపించారు. తర్వాత గుక్కపట్టి బీప్ బీప్ అని, ఆగిపోయారు. మర్నాడు పొద్దున స్విచ్ నొక్కాను. సాయంత్రం మళ్లీ నొక్కాను. మా మేనల్లుడు పక్కన నిలబడి "మావయ్యా, అందులోకి కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు. నిజమే కదా! ఇన్నాళ్లూ నేను ఆయన్ని సంపాదనపరుడు అనుకున్నాను. ఆయన పొదుపు ఖాతా మాత్రమే. వేసింది తీసుకోవచ్చు, వెయ్యనిది రాదు. మా వీధికి కరెంటు వచ్చేసరికి వారం దాటింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అన్నాళ్లు ఖాళీగా ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ చార్జింగ్ పట్టకపోవచ్చు. పట్టలేదు. పాత సామాన్లవాడు తూకం వేసి, సీసం ధర కట్టి తీసుకెళ్లాడు.

మీ వెనక ఒక చిన్న స్విచ్చుంది, యూపీఎస్ అని ఒకవైపు, నార్మల్ అని ఒకవైపు. మీరొచ్చిన రెండేళ్ల వరకూ దాన్ని మేం చూడనే లేదు. మా అబ్బాయి ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో కరెంటు పోగానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలయ్యేది. అటు మీటింగులో మేనేజరు మొహం, ఇటు వీడి మొహం. స్విచ్ యూపీఎస్ వైపు తిప్పాక ఆ గొడవ తీరింది, మీరు రెప్పపాటులో అందుకుంటున్నారు. కానీ ఆ తిప్పడంలో ఇంకో తిప్ప ఉంది. వోల్టేజి 180 కిందికి పడితే చాలు, కరెంటు ఉండగానే మీరు బ్యాటరీ మీదికి వెళ్లిపోతున్నారు. సాయంత్రం ఏడింటికి వీధంతా ఏసీలు వేసి వోల్టేజి కుంగితే, అసలు కోత వచ్చే వేళకు మీరు సగం ఖాళీ. ఇప్పుడు ఆ స్విచ్ దగ్గర ఒక కాగితం అంటించాం: "మీటింగ్ ఉంటే ఇటు, లేకపోతే అటు."

ఇక వంటింటి పంచాయతీ. ఇడ్లీలు ప్లేట్లలో ఉన్నాయి, చట్నీ జారులో ఉంది, కరెంటు పోయింది. మీ అత్తగారు మిక్సీ తిప్పింది. 750 వాట్లు. ఒక్క తిప్పుకే మీరు కూత మొదలుపెట్టారు. "ఏమండీ, అల్లుడు గారు అలిగారు" అని వంటింట్లోంచి కేక. రీసెట్ చేశాను. ఆవిడ ఫ్యాన్లు తీసేసి మళ్లీ తిప్పింది. మళ్లీ అలిగారు. ఫ్రిజ్ సంగతీ అంతే. నడుస్తున్నప్పుడు అడిగేది 150 వాట్లే కదా అని కలిపించాను. కానీ కంప్రెసర్ లేచేటప్పుడు ఒక్క క్షణం దానికి అయిదారు రెట్లు గుంజుతుంది. నిద్రలేచేటప్పుడు మా నాన్నగారు చేసే హడావిడి లాంటిది, లేచాక సాధువే. ఆ ఒక్క క్షణాన్ని మీరు ఓర్చుకోలేరని తెలియక నెల్లాళ్లు ఫ్రిజ్ మెకానిక్కుని తిట్టాను. అతనికి ఈ ఉత్తరంలోనే క్షమాపణ. గీజరు, ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు లైన్లను మీ దగ్గరికి రాకుండా వైరింగులోనే విడగొట్టించాం. కొనేముందే ఈ లెక్క వేసుకుని, ఫ్రిజ్ నడవాలంటే రెండు బ్యాటరీల పెద్ద అల్లుణ్ని తెచ్చుకోవలసింది. వేసుకోలేదు.

రెండో బ్యాటరీ కొందామని ఒక వేసవిలో బయలుదేరాను కూడా. దారిలో ఫ్యాన్ల షాపులో ఆగడం మా అదృష్టం. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంటే బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను 30 తింటోంది. మూడు మార్చేసరికి 350 వాట్ల లోడు 215కి దిగింది. మూడున్నర గంటలు అయిదున్నర అయ్యాయి. బ్యాటరీ కొనకుండా! పదేళ్లుగా మీకు తిండి పెంచాలనే చూశాం గానీ ఇంట్లో తినేవాళ్ల తిండి తగ్గించాలని తోచలేదు.

వారంటీ విషయం మాట్లాడకపోతే పాపం. కార్డు మీద 48 నెలలు అని ఉంది. ముప్ఫయ్యో నెలలో మీ బ్యాటరీ నీరసపడింది. తీసుకెళ్తే అక్కడి అబ్బాయి చిరునవ్వుతో "మొదటి 24 నెలలే కొత్తది ఫ్రీ సార్, తర్వాత 24 ప్రొరేటా" అన్నాడు. అంటే కొత్తదాని మీద కొంత తగ్గింపు. తగ్గింపు దేని మీద? డబ్బా మీద అచ్చువేసిన ధర మీద. ఆ ధరకు కొన్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు. లెక్క కడితే, వారంటీ లేని మనిషికి పక్క షాపువాడు ఇచ్చే ధరకీ నాకు వచ్చినదానికీ తేడా ఆటో చార్జీలంత. వాళ్లు నీరసానికి కారణం కూడా కనిపెట్టారు: నీళ్లు. డిస్టిల్డ్ వాటర్ బదులు ఏసీలోంచి కారే నీళ్లు పోశాం. అవీ ఆవిరి చల్లబడి వచ్చినవే కదా అని మా తర్కం. ఏసీ కాయిల్ మీద దుమ్మూ లోహపు పొట్టూ కడుక్కుని వచ్చిన నీళ్లని వాళ్ల తర్కం. ఈ విషయంలో వాళ్లే నెగ్గారు.

మీ బంధువుల కబుర్లు కొన్ని. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానుకు లక్షల ఇళ్లతోపాటు వాళ్లింట్లోనూ కరెంటు పోయి, దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆ పట్టుదలతో ఒక పాత ఆర్‌వీ కొన్నాడు, అదే, చక్రాల మీద ఇల్లు. అందులో మీ జాతివాడు ఒకడున్నాడు, రెండు వేల వాట్లు, ప్యూర్ సైన్, అక్కడి పద్ధతిలో 120 వోల్టులు. పార్కు క్యాంపులో రాత్రిళ్లు జనరేటర్ వేయకూడదు, భారమంతా వీడి మీదే. కుక్కర్లో అన్నం పెట్టి పక్కన కాఫీకి కెటిల్ కూడా పెట్టేసరికి మొత్తం చీకటి. ఇన్వర్టర్ రెండు వేలకు తట్టుకుంటుంది గానీ, కింద ఉన్నది వంద ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒక్కటే. దాని లోపలి కాపలా సర్క్యూట్, బీఎంఎస్, వంద ఆంపియర్లు దాటనివ్వదు, అంటే లిథియం 12.8 వోల్టుల లెక్కన 1280 వాట్లు. పన్నెండు వోల్టుల మీద రెండు వేల వాట్లు లాగాలంటే 160 ఆంపియర్లు దాటాలి, బొటనవేలంత కేబుల్ కావాలి. వాడు ఫోన్ చేసి "బావా, కుక్కర్ అయ్యాక కెటిల్, కెటిల్ అయ్యాక కుక్కర్" అని నిట్టూర్చాడు. అమెరికా వెళ్లినా ఇదే బతుకు అని మీ అత్తగారు ఆనందపడింది.

మా ఎదురింటి బ్యాంకు మేనేజరు గారి కథ మాత్రం నాకు అమృతం. పీఎం సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీతో మూడు కిలోవాట్ల సోలార్ వేయించారు. బిల్లు సున్నా వచ్చిందని వీధంతా చూపించారు. ఇవాళ మిట్టమధ్యాహ్నం, నెత్తిన సూర్యుడు మండుతుంటే కరెంటు పోయింది, ఆయన ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయింది. ఆన్‌గ్రిడ్ సోలార్ కదా, అంటే వీధి లైనుతో కలిసి నడిచేది. లైన్లో కరెంటు లేకపోతే అదీ ఆగాలి, ఆగకపోతే దాని కరెంటు లైన్లోకి ఎక్కి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితే వేరే సంగతి. ఆ ఒక్క మాట ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రస్తుతం ఆయన మా హాల్లో మీ గాలి కింద పేపరు చదువుకుంటున్నారు. మజ్జిగ కూడా ఇచ్చాం.

ఇంతలో టక్ మన్న శబ్దం వినబడింది. కరెంటు వచ్చింది, మీరు భోజనానికి కూర్చున్నారు. మేనేజరు గారు చెప్పులు వేసుకుంటున్నారు. ఉంటాను.

ఇట్లు,
మీ మామగారు.

తా.క.: బ్యాటరీ మీద నీటిమట్టం చూపే ఫ్లోట్ల ఎర్ర గీత కనిపిస్తోంది, ఆదివారం డిస్టిల్డ్ వాటర్ పోస్తాను, ఈసారి కొన్నదే. మరొక మాట. పడకగదిలో ఏసీ పెట్టించుకుందామని మీ అత్తగారు అంటోంది. ఈ సంగతి మీతో చెప్పొద్దంది. దాని లైను మెట్ల వైపు రాకుండా, గోడ అవతలి నుంచి లాగిస్తున్నాం.