కుర్రాళ్లకు గుండెధైర్యం నేర్పే ఒక్కపూట శిబిరానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ శిబిరం వారి దివ్య సముఖానికి,

శ్రీకాకుళంలో మొన్నటి ఆదివారం మధ్యాహ్నాన్ని తమకు సమర్పించుకున్న ఒక తండ్రి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఎంతటి ఎదురుదెబ్బకైనా చలించని మగపిల్లలను మూడు గంటల్లో తయారుచేసి ఇంటికి పంపుతామని తమరు కరపత్రంలో హామీ ఇచ్చారు. రెండు గంటలకు మొదలుకావలసిన కార్యక్రమానికి ముఖ్యవక్త గారు నాలుగు దాటాక వేంచేశారు. ఓర్పు మీద పాఠం అలా మొదలైందని నేను సరిపెట్టుకున్నాను. ఆయన మైకు అందుకున్న కాసేపటికే కరెంటు పోయింది. జనరేటరు పనిచేసేదాకా ఆయన కారులో ఏసీ వేసుకుని కూర్చుంటే, మండుటెండకు కాగిపోతున్న రేకుల హాలులో పిల్లలు కదలకుండా కూర్చుని, కష్టాన్ని ఎలా తట్టుకోవాలో కిటికీలోంచి ఆయనను చూసి నేర్చుకున్నారు.

తమ ఫ్లెక్సీ మీద వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి బొమ్మ చూసి సంతోషించాను, అది వక్త గారి బొమ్మలో సగమే ఉన్నప్పటికీ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు మన ఊసవానిపేటలోనే పెరిగినా, ఉక్కు గుండెల జాబితాలో తమకు ఆడవారి అవసరం పడలేదు కాబోలు. పోనివ్వండి.

ఇవన్నీ మరిచిపోగలను. మరిచిపోలేనిది ఒక్కటుంది. సందేహాలుంటే అడగమని వక్త గారు అనుమతించాక వెనుక వరుసలోంచి ఇంటర్ చదివే కుర్రాడొకడు లేచి, గొంతు సవరించుకుని, “సార్, పరీక్ష పోనాదని మా అయ్యకి ఎలాగ సెప్పాలి?” అని అడిగాడు. వక్త గారు చిరునవ్వుతో, “ముందు గాజులు తొడుక్కుని రా, అప్పుడు చెబుతాను” అని మైకులో సెలవిచ్చారు. హాలు ఘొల్లుమంది. తమ కార్యకర్తలు ముందు నిలబడి చప్పట్లు కొట్టించారు. ఆ కుర్రాడు కూడా అందరితో పాటు నవ్వి కూర్చున్నాడు. తమ శిక్షణ ఆ ఒక్కడి విషయంలో నూటికి నూరుపాళ్లు ఫలించిందని ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే బాధ కలిగినప్పుడు నోరు మూసుకుని, నలుగురితో కలిసి తనను తానే ఎగతాళి చేసుకోవడం వాడు క్షణంలో నేర్చేసుకున్నాడు.

అయ్యా, ఆ ప్రశ్నలో పిరికితనం ఎక్కడ కనిపించింది తమకు? తప్పిన సంగతి దాచిపెట్టడం సులువు. ఎవరికీ చెప్పకుండా విశాఖ బస్సెక్కి ఏ హోటల్లోనో పనికి కుదిరిపోవడం అంతకంటే సులువు. తండ్రి ఎదుట నిలబడి చెప్పాలని అప్పటికే నిశ్చయించుకుని, మాట ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియక, ముక్కూముఖం తెలియని అంతమంది మధ్య లేచి అడిగిన కుర్రాడు వాడు. తమరు రుసుము పుచ్చుకుని ఏ ధైర్యాన్ని అమ్ముతామన్నారో అది ఆ హాలులో వాడి దగ్గరే ఉంది. దాన్ని వక్త గారు మైకు పట్టుకుని నలుగురి ముందూ చంపేశారు.

మన పిల్లలకు కష్టమంటే ఏమిటో చూపించడానికి పొరుగూరి నుంచి మనుషులు రానక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పుడు చిన్న తరగతుల్లో ఉన్న పిల్లలే ఇప్పుడు ఇంటర్ పరీక్షలు రాస్తున్నారు. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్లే తండ్రి వెంట పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేవారు వాళ్లలో ఉన్నారు. గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వలస పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గాని విడుదల కాని జాలర్లు మన తీరంవారే. వాళ్ల ఇళ్లలోనూ మగపిల్లలున్నారు. ఇలాంటి చోటికి వచ్చి ‘దెబ్బలు తింటేనే రాటుదేలుతారు’ అని ఉపన్యసించడానికి నిజంగానే గుండెధైర్యం కావాలి.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో పదింట ఏడుగురికి పైగా మగవారు. నోరు విప్పని మగవాళ్లను తయారుచేసే కార్ఖానా ప్రతి వీధిలోనూ నడుస్తూనే ఉంది. దానికి తమరు కొత్త శాఖ తెరవనక్కరలేదు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం దశాబ్దాల తరబడి గమనించింది. పేదరికం, ఇంటి కలహాల నడుమ పెరిగినా నిలదొక్కుకున్న పిల్లలకు తోడైన వాటిలో ముఖ్యమైనది, వారిని పట్టించుకుని మాట వినే పెద్ద మనిషి కనీసం ఒక్కరు ఉండడం. అది తల్లి కావచ్చు, తాత కావచ్చు, పంతులు గారు కావచ్చు. మొన్న సాయంత్రం ఒక్క నిమిషం పాటు తమ వక్త గారు కూడా కాగలిగేవారు. “మీ అయ్య భోజనం చేశాక, అమ్మ దగ్గరుండగా నీ నోటితోనే చెప్పు. కేకలేస్తే వేయనీ, ఎదురు చెప్పకు. సప్లిమెంటరీకి ఫీజు ఎప్పటిలోగా కట్టాలో ముందే తెలుసుకుని వెళ్లు” అంటే సరిపోయేది. చేతకాకపోతే, 2022 నుంచి మనోవేదనలో ఉన్నవారి మాట ఫోనులో వినడానికి ప్రభుత్వం ఉచితంగా నడుపుతున్న టెలీమానస్ నంబరు 14416ను బోర్డు మీద రాసినా సరిపోయేది. ఆ నిమిషాన్ని ఆయన తాను నిప్పుల మీద నడిచిన కథ రెండోసారి చెప్పడానికి వాడుకున్నారు.

చివరగా ప్రశంసాపత్రాల సంగతి. ఓటమిని తట్టుకోవడం నేర్పుతామన్న శిబిరంలో ప్రతి పిల్లాడికీ ‘అజేయుడు’ అని బంగారు అక్షరాలతో అచ్చువేసి ఇచ్చారు. మా వాడి పేరు తప్పుగా పడింది, దాని గురించి నాకు పట్టింపు లేదు. కానీ గాజులు తొడుక్కోమనిపించుకున్న ఆ కుర్రాడి చేతిలోనూ అదే పత్రం పెట్టి, వక్త గారు భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. ఇప్పుడు వాడు మార్కుల మెమో, తమ పత్రం రెండూ పట్టుకుని ఇంటికి వెళ్లాలి. వాళ్ల అయ్యకు ముందు ఏది చూపించమంటారో తమరే సెలవివ్వండి.

ఇట్లు,
రుసుము చెల్లించిన ఒక తండ్రి