కొర్రకు నీళ్లు అలవాటు చేయాలి

ఆహార వ్యవస్థను నిలబెట్టడానికి పరిశోధన ఏం చేయాలని ఈ మధ్య సదస్సు పెట్టిన ప్రతిచోటా అడుగుతున్నారు. వేదిక మీద ఉన్నవాళ్లు తక్కువ నీటితో, తక్కువ ఎరువుతో, తక్కువ రోజుల్లో పండే పంట కావాలంటారు. సభ చప్పట్లు కొడుతుంది. కొర్ర అనే చిరుధాన్యం ఆ మూడు పనులూ ఎప్పటినుంచో చేస్తోంది. తేలిక నేలలో మొలుస్తుంది, వాన మీదే బతుకుతుంది, సుమారు మూడు నెలల్లో ఇంటికొస్తుంది. అయినా దాన్ని వేసే రైతును వెతుక్కోవాల్సి వస్తోంది. ఎందుకని నిష్పక్షపాతంగా ఆలోచిస్తే తప్పు కొర్రదేనని తేలింది. దానికి ఎవరితోనూ పని లేదు. ఎవరితోనూ పని పెట్టుకోని పంటకు ఎవరు మాత్రం సాయం చేస్తారు?

వరి అలా కాదు, చాలా కలుపుగోలు పంట. కిలో వడ్లకు సగటున 2,500 లీటర్ల నీళ్లని వరి పరిశోధకులే లెక్క చెబుతారు. ఆ నీళ్ల కోసం ప్రాజెక్టు కావాలి, ప్రాజెక్టుకు శంకుస్థాపన కావాలి, కాలువకు కాంట్రాక్టర్ కావాలి. కాలువ రాని చోట బోరు, మోటారు, స్టార్టరు, మోటారు కాలితే వైండింగ్ చేసే మనిషి. తెలంగాణలో 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆ కరెంటు కొర్ర కోసం ఇచ్చారని ఎవరూ అనుకోరు కదా.

ఇక యూరియా. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. 2025 వానాకాలంలో దాని కోసం రైతులు తెల్లారకముందే వచ్చి, నిలబడే ఓపిక లేక చెప్పులనూ పాసుపుస్తకాలనూ వరుసలో పెట్టిన ఫొటోలు అందరం చూశాం. ప్రతిపక్షానికి ఒక అంశం దొరికింది, అధికార పక్షానికి ఢిల్లీ మీద వేయడానికి ఒక నెపం దొరికింది, టీవీలకు వారం పాటు చర్చ దొరికింది. ఒక్క బస్తా ఇంతమందికి పని కల్పించింది. కొర్ర రైతు ఆ సమయంలో ఏం చేస్తున్నాడు? ఇంట్లో ఉన్నాడు. ప్రజాజీవితంలో పాల్గొనని ఇలాంటి పంటను ప్రజాస్వామ్యం భరించడం కష్టం.

కోత అయ్యాక వరి అసలు ప్రతిభ బయటపడుతుంది. కల్లంలో వడ్లు ఆరబోస్తారు, తేమ మిషన్ 17 శాతం కంటే ఎక్కువ చూపిస్తే మళ్లీ ఆరబోస్తారు. ఈలోగా వాన వస్తుంది, టార్పాలిన్లకు గిరాకీ వస్తుంది. తర్వాత కాంటా, గోనె సంచులు, హమాలీ, లారీ. మిల్లు దగ్గర తాలు పేరిట, తరుగు పేరిట కోత. ఆ వడ్లు బియ్యమై తిరిగి సర్కారుకు చేరడానికి ఒక గడువు, గడువు మీద ఇంకో గడువు. వడ్లు కొనాలని 2022 ఏప్రిల్‌లో ఒక ముఖ్యమంత్రి స్వయంగా ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. కొర్రలు కొనాలని ఏ ముఖ్యమంత్రి అయినా రైలెక్కారా?

కొనడానికి ముందు ధర ఉండాలనేవాళ్లు ఉంటారు. 2025–26కి సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, రాగులకు 4,886. అంటే రాగి రైతు కాగితం మీద వరి రైతు కంటే రెట్టింపు ధనవంతుడు. ఊళ్లో కాంటా మాత్రం వడ్లకే పెడతారు. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలకు కేంద్రం ప్రకటించే మద్దతు ధరే లేదు కాబట్టి, వాటి రైతులకు ఆ కాగితం బాధ కూడా తప్పింది.

పాపం, వీటికి ఏమీ చేయలేదనడం అన్యాయం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏటి కేంద్ర బడ్జెట్‌లో చిరుధాన్యాలను ‘శ్రీ అన్న’ అన్నారు, హైదరాబాద్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థను ప్రపంచ స్థాయి కేంద్రం చేస్తామన్నారు. స్టాళ్లు వెలిశాయి, బిస్కెట్లు వచ్చాయి. ప్యాకెట్ వెనక పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి వరుసగా రాయాలన్నది నియమం. చాలా ప్యాకెట్ల మీద ముందు గోధుమ పిండి, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్, వాటి వెనక వినయంగా కొర్ర. క్యూలో నిలబడటం అప్పుడే నేర్చుకుంటోందన్నమాట.

ఒక చిన్న చిక్కు ఉంది, చెప్పకపోతే బాగుండదు. కొర్ర, సామ, అరికె గింజలకు పొట్టు గట్టిగా అంటుకుని ఉంటుంది. వరి మిల్లుకు ఈ చిన్న గింజలు సరిపడవు, నూకైపోతాయి. తరాలుగా ఆ పొట్టు వదిలించింది రోకలి పట్టిన ఆడవాళ్ల భుజాలు. రేషన్ బియ్యం రాగానే వాళ్లు రోకలి పక్కన పెట్టారంటే తప్పు పట్టేవాళ్లు ముందు ఒక పూట దంచి చూడాలి. ఊరికొక చిన్న పొట్టు తీసే యంత్రం, దాన్ని బాగుచేసే మనిషి ఉంటే సగం కథ మారేది. సజ్జ పిండి అయితే కొద్ది రోజులకే చేదెక్కుతుంది, అదీ తేల్చాల్సిందే. కానీ పొట్టు యంత్రానికి రిబ్బన్ కట్టడానికి సరైన చోటు ఉండదు. అందుకే ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

విచిత్రం ఏమిటంటే, మన శాస్త్రవేత్తలు సరిగ్గా తిరగేసి పని చేస్తున్నారు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో జన్యు సవరణ చేసి ‘కమల’ అనే రకాన్ని తెచ్చింది. 2025 మేలో ప్రకటించారు. దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుంది, ఆ మేరకు నీళ్లు మిగులుతాయి. మంచి సైన్సే, కాదనను. అయితే ఇంత కష్టపడి వరిని కాస్త కొర్రలా మార్చడం కంటే, కొర్రను వరిలా మార్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

అందుకే నా ప్రతిపాదన ‘నీటికొర్ర–1’. మడిలో నీళ్లు నిలబడకపోతే ఇది అలిగి పడుకోవాలి. ఎకరానికి కనీసం మూడు బస్తాల యూరియా మింగాలి, అదీ సరిగ్గా కొరత వచ్చిన వారంలోనే అడగాలి. నాలుగైదు నెలలు పొలంలో ఉండాలి, కోతకు ముందు రాత్రి వడగళ్లు పడితే మొత్తం రాలిపోవాలి. గింజలో తేమ ఎప్పుడూ పరిమితికి ఒక శాతం పైనే ఉండాలి. తెల్లగా, సన్నగా, పీచు లేకుండా ఉండాలి. ఇన్ని సుగుణాలు ఉన్న పంటకు మద్దతు ధర, బోనస్, మిల్లు, ఢిల్లీలో ధర్నా ఒక్క సీజన్‌లో సమకూరుతాయని హామీ ఇస్తున్నాను.

ప్రయోగాత్మక సాగు ఎక్కడైనా పెట్టండి, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వైపు మాత్రం వద్దు. అక్కడ డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు 1990లలోనే బీళ్లు దున్ని, జొన్నలు పండించి, తామే కొని, ఊళ్లో పేదలకు తామే రేషన్‌గా ఇచ్చారు. జొన్న, సజ్జ లాంటి ముతక ధాన్యాన్ని రేషన్‌లో కిలో రూపాయికి ఇవ్వొచ్చని దేశం చట్టంలో రాసుకున్నది 2013లో. వాళ్ల సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా ఇచ్చింది. విత్తనం బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచుకునే మనుషులు వాళ్లు. నీటికొర్ర ఇస్తే మర్యాదగా తీసుకుంటారు, టీ ఇస్తారు, మన జీపు మలుపు తిరగ్గానే దాన్ని కోళ్లకు వేసి పాత కొర్ర చల్లుకుంటారు.