వెనక్కి పోవడం కర్నూలోళ్ళకి కొత్తనా?

నిన్న రాత్రి మా ఇంట్లో కంప్యూటర్‌కి విండోస్ అప్‌డేట్ నాలుగోసారి ఫెయిల్ అయింది కాబట్టి ఈ రాష్ట్రానికి ఒక ముఖ్యమైన సూచన చేయదల్చుకున్నా. ఫెయిలైన అప్‌డేట్లు బాగుచేసే కేంద్రం ఏదన్నా పెట్టేదుంటే అది మా కర్నూల్లోనే పెట్టాల. ఈ పనిలో మాకున్నంత సర్వీసు దేశంలో ఇంకే ఊరికీ లేదు.

అసలు జరిగిందేందంటే, వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్ ఎక్కుతా ఉంటే మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఉంది గానీ దానికి ఫ్యాన్లు, టీవీ తప్ప ఇంకేమీ తగిలించలేదు, అవ్వ సీరియల్ ఆగితే ఇంట్లో ఉండలేం కదా మరి. కరెంటొచ్చినాక మళ్ళీ మొదలుపెట్టినా. చుక్కలు గుండ్రంగా తిరుగుతా తిరుగుతా ముప్పై, అరవై, తొంభై నాలుగు శాతం దాకా పొయ్యి, ఆడ అరగంట నిలబడి, చివరికి "పూర్తి చేయలేకపోయాం, చేసిన మార్పులు తీసేస్తున్నాం, కంప్యూటర్ ఆపొద్దు" అని చూపించింది. అవ్వ అద్దాలు సర్దుకుని చూసింది.

"ఏందిరా అది, అంత దూరం పొయ్యి మళ్ళా యెనక్కి వస్తాంది?"

"రోల్‌బ్యాక్ అంటారవ్వా."

"ఓ, అదా. రాజధాని మాదిరి."

1953లో అవ్వకి పదేండ్లు. ఆ అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, చోటు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిపినారు, 1956 నవంబర్ 1 వచ్చేసరికి అంతా హైదరాబాద్‌కి పోయింది. 37 నెలలు ఇన్‌స్టాల్ అయ్యి వెనక్కి పోయిన అప్‌డేట్ ఇంకేదన్నా ఉంటే చూపించండి. దీనికి రిలీజ్ నోట్స్ (అప్‌డేట్లో ఏముందో చెప్పే కాగితం) కూడా ఉన్నాయి, 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం, అందరి రిలీజ్ నోట్స్ మాదిరే ఎవరూ చదవరు. తర్వాత 2020లో న్యాయ రాజధాని అని చట్టం చేసినారు, 2021 నవంబర్లో ఆ చట్టమే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబర్లో హైకోర్టు బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానం, అంటే కొత్త అప్‌డేట్ ఉందని నోటిఫికేషన్ వచ్చిందన్నమాట.

కడపోళ్ళు పోటీకి వస్తారని తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీకి 2018లో ఒక శంకుస్థాపన, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. కాదనట్లేదు అన్నా, కానీ అది రోల్‌బ్యాక్ కాదు, రీట్రై. వేరే డిపార్ట్‌మెంటు. కావాలంటే మీకో బ్రాంచి ఇస్తాం.

ఇంక ఎర్రర్ కోడ్ సంగతి. నాకు వచ్చింది సున్నా ఎక్స్ 80070643. దీని అర్థమేందని రెండు గంటలు వెతికితే తేలిందేందంటే, "ఇన్‌స్టాలేషన్ ఫెయిల్ అయింది". ఒళ్ళు బాగాలేదని డాక్టర్ దగ్గరికి పోతే "నీకు ఒంట్లో బాగాలేదు" అని చీటీ రాసిచ్చినట్టుంది. 2024 జనవరిలో వచ్చిన ఒక అప్‌డేట్‌కి ఇదే కోడ్ చూసి ఎంతమంది జుట్టు పీక్కున్నారో, తీరా చూస్తే రికవరీ పార్టిషన్లో, అంటే కంప్యూటర్ చెడిపోతే బాగుచేసుకోవడానికి డిస్కులో పక్కన పెట్టిన ముక్కలో, 250 ఎంబీ ఖాళీ లేదంట, ఆ ముక్క తెర మీద రాయడానికేం రోగం?

బెంగళూర్లో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేసినా. "బావా, రీస్టార్ట్ చేసినావా?" అన్నాడు. ఆ చదువుకి వాడికి నెలకెంత ఇస్తున్నారో అడగలేదు, మనసు కష్టమైతుందని. తర్వాత కొంచెం దారికొచ్చి నల్ల తెర తెరిపిచ్చి రెండు కమాండ్లు చెప్పినాడు, ముందు డిజమ్, అది పాడైన సిస్టమ్ ఫైళ్ళకి మంచి కాపీలు నెట్ నుంచి తెచ్చి పెడుతుంది, దాని తర్వాత ఎస్ఎఫ్‌సీ, అది ఆ కాపీలతో పాడైన ఫైళ్ళని సరిచేస్తుంది. డిజమ్ 62.3 దగ్గర ఆగింది. ఆగితే ఆగనీ, ముట్టుకోవద్దు బావా అన్నాడు. నేను పొయ్యి ఉగ్గాని తిని వచ్చినా, కదిలింది.

ఆ తర్వాత చెప్పిందే అసలు మందు. అప్‌డేట్ సర్వీసులు ఆపేసి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాని పేరు చివర డాట్ ఓల్డ్ అని తగిలించాల. డిలీట్ చేసే పనే లేదు. పేరు మారితే చాలు, కంప్యూటర్ దాని మొహం కూడా చూడదు, పక్కనే కొత్తది కట్టుకుని మళ్ళీ మొదటి నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటుంది. ఈ పద్ధతి కనిపెట్టినోడెవరో గానీ 1956లో కర్నూల్లో ఉండి చూసినోడే అయ్యుంటాడు.

కాబట్టి కేంద్రం మాకే ఇవ్వాల. బిల్డింగ్ కూడా అవసరం లేదు, గుడారాలు చాలు, మాకు అలవాటే.

అర్ధరాత్రి దాటినాక ఐదోసారి ఎక్కించినా. తొంభై నాలుగు దాటింది. వంద. లాగిన్ పేజీ వచ్చింది. అవ్వ ఇంకా పడుకోలేదు.

"ఇంక యెనక్కి పోదు కదరా?" అనింది.

పది రోజుల్లోపల పాత వెర్షన్‌కి వెనక్కి పోయే ఆప్షన్ ఒకటి లోపల ఉంటుందని ఆమెకి చెప్పలేదు.