నిద్రకు టైంటేబుల్‌లో చోటేది?

పరీక్ష ముందు రోజు రాత్రి త్వరగా పడుకోమని పెద్దలు చెబుతారు. మంచి సలహానే. కానీ ఆ ఒక్క రాత్రి నిద్రతో పెద్దగా ఒరిగేదేమీ లేదని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. అక్కడి ప్రొఫెసర్ జెఫ్రీ గ్రాస్‌మన్ తన కెమిస్ట్రీ క్లాసు విద్యార్థుల చేతులకు నిద్రనూ కదలికలనూ నమోదు చేసే బ్యాండ్లు ఇచ్చి, సెమిస్టర్ పొడవునా గమనించారు. 2019లో అచ్చయిన ఫలితాల్లో 88 మంది లెక్కలున్నాయి. పరీక్ష ముందు రాత్రి నిద్రకూ వచ్చిన మార్కులకూ సంబంధం కనిపించలేదు. అంతకు ముందు వారమంతా, నెలంతా ఎంత నిద్రపోయారు, రోజూ ఇంచుమించు ఒకే వేళకు పడుకున్నారా అన్నవాటికి మాత్రం సంబంధం ఉంది. మార్కుల్లో ఒకరికీ మరొకరికీ మధ్య ఉన్న తేడాలో దాదాపు 25 శాతం ఈ నిద్ర లెక్కలతో ముడిపడి కనిపించింది. రాత్రి రెండు దాటాక పడుకునే అలవాటున్నవాళ్లు మొత్తం మీద సరిపడా గంటలు నిద్రపోయినా వెనకబడ్డారు.

ఒక క్లాసులో చేసిన చిన్న అధ్యయనమిది. నిద్ర వల్లే మార్కులు వచ్చాయని దీన్నిబట్టి తీర్పు చెప్పలేం. అయినా ఇది లేవనెత్తిన ప్రశ్నను పక్కన పెట్టలేం. ఒక్క రాత్రి నిద్ర విద్యార్థి చేతిలో ఉంటుంది. మరి నెల రోజుల నిద్ర ఎవరి చేతిలో ఉంది? అసైన్‌మెంట్ల గడువులు, ల్యాబ్ రికార్డులు, ఇంటర్నల్స్, ఉదయం ఎనిమిదింటి క్లాసు, ఫీజు కోసం చేసే సాయంత్రం ఉద్యోగం, ఇవన్నీ కలిసి ఆ నెలను నిర్ణయిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయమే పెట్టినవి.

విద్యార్థుల ఆరోగ్యం గురించి ఇప్పుడు అన్నిచోట్లా మాట్లాడుతున్నారు. సంతోషమే. అయితే ఆ మాటల్లో చాలా భాగం విద్యార్థికి చెప్పే సలహాలే. బాగా తినండి, వ్యాయామం చేయండి, ఫోను పక్కన పెట్టండి, టెన్షన్ పడకండి, మిమ్మల్ని మీరు చూసుకోండి. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ సోమవారం రెండు అసైన్‌మెంట్లు, మంగళవారం ఒక పరీక్ష, బుధవారం ప్రాజెక్టు రివ్యూ పెట్టి, గురువారం ఒత్తిడిని తట్టుకోవడం ఎలా అనే సెమినార్‌కు రమ్మంటే ఆ విద్యార్థి ఏం చేయాలి? సలహా పాటించలేకపోయినందుకు మరో తప్పు చేసినట్టు బాధపడాలి, అంతే. ఆరోగ్యాన్ని విద్యార్థి సొంత క్రమశిక్షణకు వదిలేసి, దాన్ని దెబ్బతీసే ఏర్పాట్లను అలాగే ఉంచడం న్యాయం కాదన్నది మా అభిప్రాయం.

యువత ఆలస్యంగా పడుకోవడాన్ని బద్ధకంగా చూడటం మనకు అలవాటైపోయింది. శరీరంలోని గడియారం సంగతి వేరు. కౌమారంలో ఆ గడియారం వెనక్కి జరుగుతూ వెళ్లి, ఇరవయ్యో ఏడు దగ్గర అన్నిటికన్నా ఆలస్యంగా నడుస్తుందనీ, ఆ తర్వాత మెల్లగా ముందుకు వస్తుందనీ జర్మనీ శాస్త్రవేత్త టిల్ రోనెబర్గ్ బృందం 2004లో చూపించింది. అంటే మనిషికి పొద్దున్నే లేవడం అన్నిటికన్నా కష్టమయ్యే వయసులోనే మనం అతన్ని ఎనిమిదింటికల్లా బెంచీలో కూర్చోబెడుతున్నాం. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల వయసువాళ్లకు రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలని నిపుణులు అంటారు. రాత్రి ఒంటిగంటకు గానీ నిద్ర పట్టనివాడు ఏడింటికి లేస్తే ఆరు గంటలే. ఆ లోటు వారమంతా పేరుకుపోతుంది, ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నా పూర్తిగా తీరదు.

ఇక రాత్రంతా మేలుకుని చదివే నైట్‌ఔట్‌ల సంగతి. హాస్టల్ గదుల్లో ఈ మాటకు ఒక గొప్ప ఉంది. నిన్న నైట్‌ఔట్ కొట్టామని చెప్పుకోవడంలో కష్టపడ్డామన్న గర్వం ఉంటుంది. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో చేసిన ప్రయోగం గురించి ఆ గదుల్లో ఎవరైనా చెప్పాలి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోయింది. 24 గంటలకు అది 0.10 శాతంతో సమానమైంది. ఎన్నో దేశాల్లో అంత తాగినవాళ్లను బండి నడపనివ్వరు. మనం మాత్రం ఆ స్థితిలో పరీక్ష రాయిస్తాం, ల్యాబ్‌లో యాసిడ్ సీసాలు చేతికిస్తాం. మెలకువ కోసం సాయంత్రం తాగిన కాఫీలో సగం కెఫీన్ అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అందుకే పడుకునే వీలు దొరికినా నిద్ర రాదు.

కష్టపడకుండా చదువు వస్తుందా అని అడిగేవాళ్లున్నారు. రాదు. కష్టం తగ్గించమని మేము కోరడం లేదు. అదే కష్టాన్ని పరచమంటున్నాం. ఒకే రాత్రి కుక్కిన పాఠం కన్నా రోజుల తరబడి విడివిడిగా చదివిన పాఠం ఎక్కువ కాలం నిలుస్తుందని జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశారు. ఆ తర్వాత ఎన్నో ప్రయోగాలు అదే మాట చెప్పాయి. గడువులన్నీ సెమిస్టర్ చివరి మూడు వారాల్లో గుట్టగా పోస్తే విద్యార్థికి ఆరోగ్యమూ పోతుంది, చదువూ నిలవదు.

గుట్టగా ఎందుకు పడుతున్నాయి? ఎవరి దుర్మార్గమూ కాదు. ప్రతి లెక్చరరూ తన సబ్జెక్టు గడువును తాను చూసుకుంటారు. అయిదు సబ్జెక్టుల గడువులూ ఒకే విద్యార్థి మీద ఎలా పడుతున్నాయో చూసే మనిషి లేరు. ఆ వారం మొత్తం కనిపించేది విద్యార్థికి ఒక్కడికే. అతనికి దాన్ని మార్చే అధికారం లేదు. సెమిస్టర్ మొదలయ్యేలోపు ఒక డిపార్ట్‌మెంటు అధ్యాపకులంతా గంటసేపు ఒక గదిలో కూర్చుని, తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసుకుంటే ఈ చిక్కులో సగం విడిపోతుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు.

మార్కుల పద్ధతి కూడా మార్చలేనిదేమీ కాదు. ఎంఐటీలోనే 1968 నుంచి మొదటి ఏడాది విద్యార్థులకు గ్రేడ్లు లేకుండా పాసా కాదా అని మాత్రం చూసే ఏర్పాటు మొదలైంది. కాలక్రమంలో అది మొదటి సెమిస్టర్‌కు కుదించినా నేటికీ కొనసాగుతోంది. ఆ సెమిస్టర్‌లో ఫెయిలైన సబ్జెక్టు బయటివాళ్లకు ఇచ్చే రికార్డుల్లోకి ఎక్కదు. కొత్త చోటికి వచ్చిన పిల్లవాడికి తప్పటడుగులు వేసే హక్కు ఇవ్వడమే ఇది. వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదటి రెండేళ్లూ ఇలా పాస్, ఫెయిల్ పద్ధతికి మారాక విద్యార్థుల మానసిక స్థితి మెరుగైంది, ఆ తర్వాత రాసిన జాతీయ స్థాయి పరీక్షలో మార్కులు మాత్రం తగ్గలేదు. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. భవిష్యత్తులో ప్రాణాలు కాపాడాల్సిన డాక్టర్ల చదువులోనే అది సాధ్యమైనప్పుడు మిగతాచోట్ల ఎందుకు సాధ్యం కాదు?

కడుపు నిండని విద్యార్థి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. యూనివర్సిటీలో చదివేవాళ్లంటే లేమి తెలియనివాళ్లని అనుకుంటాం. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే ఫుడ్ బ్యాంకు ఒకటి 1993లో మొదలైంది, దాన్ని నడిపేది విద్యార్థులే. ఇప్పుడు ఉత్తర అమెరికాలో వందల క్యాంపస్‌లలో అలాంటివి ఉన్నాయి. అవసరం లేనిదే అన్ని పుట్టవు. ఫీజు కట్టాక చేతిలో మిగిలిందాన్నిబట్టి పూటలు తగ్గించుకునే విద్యార్థికి సమతుల ఆహారం మీద కరపత్రం ఇవ్వడం ఎంత క్రూరంగా ఉంటుందో ఇచ్చేవాళ్లకు తెలియకపోవచ్చు. రాత్రి షిఫ్టు చేసి వచ్చే విద్యార్థిని అటెండెన్స్ నిబంధనతో శిక్షించే ముందు ఆమె ఎందుకు రాలేకపోయిందో ఒక్కసారి అడగాలి. ఇలాంటివాళ్లకు సాయం అందాలంటే ముందు ఆ సాయం అడగడంలో సిగ్గు లేకుండా చూడాలి.

మనసు సంగతికి వస్తే, విశ్వవిద్యాలయాలు ఈ బాధ్యతను ఎరగనివి కావు. అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కాలేజీ 1861లోనే విద్యార్థుల ఆరోగ్యం చూడటానికి ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే డాక్టరును ప్రొఫెసర్‌గా నియమించింది. విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ప్రిన్స్‌టన్‌లో 1910లో ప్రత్యేక సేవ మొదలైంది. వందేళ్లు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతో 8 దేశాల్లోని 19 కాలేజీల్లో సుమారు 14 వేల మంది మొదటి ఏడాది విద్యార్థులను ప్రశ్నించిన సర్వే ఫలితాలు 2018లో వచ్చాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన వంటి సమస్యల్లో కనీసం ఒకదాని లక్షణాలు 35 శాతం మందిలో కనిపించాయి. వాళ్లు బలహీనులని దీని అర్థం కాదు. మానసిక సమస్యల్లో నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయి. అంటే అవి బయటపడే వయసూ కాలేజీ వయసూ ఒకటే. కాబట్టి ఆ చోట సాయం సిద్ధంగా ఉండాలి.

అదే సర్వేలో మరో సంగతి మమ్మల్ని ఎక్కువసేపు ఆలోచింపజేసింది. ముందు ముందు మనసుకు కష్టం వస్తే తప్పకుండా వైద్య సాయం తీసుకుంటామని చెప్పినవాళ్లు నాలుగో వంతు మాత్రమే. మిగిలినవాళ్లలో ఎక్కువ మంది చెప్పిన కారణాలు రెండు. ఒకటి, మా కష్టం మేమే చూసుకుంటాం. రెండు, ఫ్రెండ్స్‌తోనో ఇంట్లోవాళ్లతోనో చెప్పుకుంటాం. కౌన్సెలర్లను నియమించడం తప్పనిసరి. నియమించి, నంబరు గోడకు అంటిస్తే సరిపోదన్నది కూడా దీంతో తేలుతోంది. విద్యార్థి మొదట చెప్పుకునేది రూమ్మేట్‌కు. ఆ రూమ్మేట్‌కు ఏం వినాలో, ఏం అనకూడదో, ఎప్పుడు ఒక పెద్దవాళ్ల దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలో తెలిసి ఉండాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంది. అది నిజం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అడగడం వల్ల ఎదుటి మనిషికి మాట్లాడే దారి దొరుకుతుంది. బ్రిటన్‌లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1970లో నైట్‌లైన్ పేరుతో మొదలైన సేవ ఈ దారిలోనిదే. ఆఫీసులన్నీ మూసేసిన రాత్రివేళ, శిక్షణ పొందిన విద్యార్థులే ఫోను దగ్గర కూర్చుని తోటివాళ్ల మాట వింటారు.

పరిశోధక విద్యార్థుల పరిస్థితి ఇంకా ఒంటరిది. వాళ్లకు క్లాసు లేదు, బ్యాచ్ లేదు, చదువు ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులను పరిశీలించిన అధ్యయనం 2017లో వచ్చింది. ముగ్గురిలో ఒకరికి మానసిక సమస్య వచ్చే ప్రమాదం ఉందని అది తేల్చింది. పని భారం, ఇంటికీ పనికీ మధ్య పొసగకపోవడం, గైడ్ నడిపించే తీరు ఇందులో పాత్ర వహించాయి. ఒక మనిషి దయ మీదే నాలుగయిదేళ్ల జీవితం ఆధారపడితే ఆ మనిషి ఎంత మంచివారైనా భయం ఉంటుంది. ప్రతి పరిశోధక విద్యార్థికీ గైడ్ కాకుండా మరో అధ్యాపకుడి దగ్గరికి వెళ్లే దారి నియమాల్లోనే ఉండాలి. ఆదివారం ల్యాబ్‌కు రాకపోవడం తప్పు కాదని గైడే నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే రావాలనే విద్యార్థి అనుకుంటాడు.

ఇదంతా అధ్యాపకుల మీద మోపుతున్న నేరం కాదు. క్లాసులు, పేపర్లు దిద్దడం, ఫైళ్లు, పరిశోధన మధ్య వాళ్లూ నలిగిపోతున్నారు. అలసిపోయిన లెక్చరర్ విద్యార్థి ముఖంలో అలసటను గమనించలేరు. 2015లో కెనడాలోని కెలౌనాలో కుదిరిన ఓకనాగన్ చార్టర్ అనే అంతర్జాతీయ ఒప్పంద పత్రం ఈ సంగతి గుర్తించింది. ఆరోగ్యాన్ని ఒక విభాగానికి అప్పగించి ఊరుకోకుండా, విశ్వవిద్యాలయం తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ చేర్చాలని అది కోరింది. టైంటేబుల్ వేసే కమిటీలో, పరీక్షల విభాగంలో, హాస్టల్ నిబంధనలు రాసే చోట ఇది విద్యార్థుల ఆరోగ్యాన్ని ఏం చేస్తుందని అడిగే ఒక గొంతు ఉండాలి. అక్కడ విద్యార్థులూ కూర్చోవాలి.

విద్యార్థులకు మేము చెప్పేది కొంచెమే. పడుకునే వేళ మీ చేతిలో లేకపోయినా లేచే వేళ ఒకటే ఉండేలా చూసుకోండి, నిద్ర దానంతటదే కుదురుకోవడం మొదలవుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం వంటి వ్యాయామం చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, జిమ్ లేదని బాధపడొద్దు. రెండు వారాలుగా దేని మీదా మనసు లగ్నం కాకపోతే, తిండీ నిద్రా పోతే, బ్యాక్‌లాగ్ పడేదాకా ఆగకుండా ఎవరికైనా చెప్పండి. మీరు భారం కారు.

అధ్యాపకులు మాత్రం ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగింది ఒకటుంది. ఆన్‌లైన్‌లో ఇచ్చే అసైన్‌మెంట్లకు గడువు రాత్రి 11:59 అని పెట్టడం ఎక్కడ చూసినా అలవాటైంది. ఆ వేళ వాటిని దిద్దడానికి ఎవరూ మేలుకుని ఉండరు. రాసేవాళ్లు మాత్రం మేలుకుంటారు. ఆ అంకెలను చెరిపేసి సాయంత్రం 5 అని రాయడానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. సైట్‌లో ఒక గడి మార్చాలి, క్లాసులో ఒక మాట చెప్పాలి. అయిదు తర్వాత పంపకండి, భోంచేసి పడుకోండి.