పూచీ పడేది ఊరు, అడగాల్సింది ఊరినే

ఒలింపిక్స్ వస్తే ఆ రెండు వారాలూ నేను టీవీ ముందు నుంచి లేవను. కాబట్టి ఇవి ఆటలంటే గిట్టని మనిషి మాటలని అనుకోకండి. ఒక నగరం ఇంత పెద్ద క్రీడోత్సవం జరుపుతానని ముందుకొచ్చినప్పుడు కొత్త స్టేడియంల బొమ్మలు అందరికీ చూపిస్తారు. ఖర్చు అంచనా దాటితే ఆ తేడా ఎవరు కట్టాలో రాసిన పూచీకత్తు మాత్రం చాలామంది కంటపడదు. దాని మీద సంతకం పెట్టే ముందు ఆ ఊరివాళ్ళని ఓటు అడిగి తీరాలి.

కెనడాలోని మాంట్రియల్‌లో ఏం జరిగిందో చూడండి. మగవాడికి బిడ్డ పుట్టడం ఎంత అసాధ్యమో ఒలింపిక్స్‌కి లోటు రావడమూ అంతేనని మేయర్ జాన్ డ్రాపో ధీమాగా చెప్పాడు. 1976లో ఆటలు మొదలయ్యేనాటికి స్టేడియం మీదికి వంగి ఉండాల్సిన టవర్ సగంలోనే ఆగిపోయింది. అది పూర్తయ్యేసరికి 1987 వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల లెక్క ప్రకారం అసలు ఖర్చు అంచనాను 720 శాతం మించిపోయింది. ఆ అప్పు తీర్చడానికి మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్ర ప్రభుత్వం పొగాకు మీద పన్ను వేసింది. అప్పు 2006 దాకా తీరలేదు. ఆటల ఏడాది పుట్టిన పిల్లకి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. తను పుట్టకముందే ఎవరో చేసిన సంతకం ఆమె పెరిగిన రోజులన్నింటా ఆ ఊరి మీద అప్పుగా ఉంది. నా బాధంతా ఇదే.

అదే 1976 శీతాకాల ఒలింపిక్స్‌ని అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌కి ఇచ్చారు. 1972 నవంబరులో కొలరాడో ఓటర్లు మా డబ్బు దీనికి వాడొద్దని తేల్చి చెప్పారు. ఆటలు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కి తరలిపోయాయి. చేతికొచ్చిన ఒలింపిక్స్‌ని ఓటుతో వెనక్కి పంపడానికి చాలా ధైర్యం కావాలి. వాళ్ళంటే నాకు గౌరవం.

1984 ఆటలు ఎక్కడో తేల్చే సమయానికి మాంట్రియల్‌ని చూసి మిగతా నగరాలు జంకాయి. చివరికి బరిలో మిగిలింది లాస్ ఏంజెలెస్ ఒక్కటే. తిరిగి రాని డబ్బు నగర ఖజానా నుంచి ఒలింపిక్స్‌కి పోకూడదని 1978లో అక్కడి ఓటర్లు ఏకంగా నగర పాలనకి మూలమైన చార్టర్‌నే సవరించారు. ఓటర్ల ఈ పట్టుదలే బేరమాడడానికి మేయర్ టామ్ బ్రాడ్లీకి బలమైంది. 'నేను ఒప్పుకున్నా నా ఓటర్లు ఒప్పుకోరు' అని ఆయన నిజాయితీగా చెప్పగలిగాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దిగొచ్చింది. ఆర్థిక బాధ్యత పీటర్ యూబెరాత్ నడిపిన ప్రైవేటు కమిటీ మీదికి వెళ్ళింది. 1932 ఆటలు జరిగిన కొలీజియంనే మళ్ళీ వాడారు. అన్నీ పోగా 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. అందులో కొంత డబ్బుతో పెట్టిన ఫౌండేషన్ దక్షిణ కాలిఫోర్నియా పిల్లల ఆటల కోసం ఇప్పటికీ పనిచేస్తోంది. యూబెరాత్ సామర్థ్యాన్ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆయనకి ఆ అవకాశం వచ్చింది ఓటర్లు గట్టిగా నిలబడ్డందుకే.

జనాన్ని అడిగితే ఎప్పుడూ వద్దనే అంటారని కొందరి వాదన. 2015లో హాంబర్గ్, 2018లో కాల్గరీ వద్దన్న మాట నిజమే. మ్యూనిక్ ప్రజలు కూడా 2013లో శీతాకాల ఆటలు వద్దన్నారు. అదే మ్యూనిక్‌లో 2025 అక్టోబరులో మళ్ళీ అడిగితే దాదాపు మూడింట రెండు వంతుల మంది వేసవి ఒలింపిక్స్ కోసం పోటీ పడదామన్నారు. 1972లో కట్టిన ఒలింపిక్ పార్కు అక్కడివాళ్ళకి ఇప్పటికీ రోజూ పనికొస్తోంది. ఏది మంచి బేరమో తెలుసుకునే తెలివి జనానికి ఉంది. ఏథెన్స్‌లో 2004 కోసం కట్టిన సాఫ్ట్‌బాల్ మైదానం, పడవ పందేల కాలువ పాడుపడి ఉన్న ఫొటోలు చూసినవాళ్ళకి అనుమానం రావడం సహజం.

2028లో ఆటలు మళ్ళీ లాస్ ఏంజెలెస్‌కే వస్తున్నాయి. ఈసారి ప్రజల ఓటు లేదు, నగర కౌన్సిలే ఒప్పుకుంది. లోటు వస్తే మొదటి 27 కోట్ల డాలర్లు నగరం, తర్వాతి 27 కోట్లు రాష్ట్రం, ఆపైన ఎంతైనా మళ్ళీ నగరమే కట్టాలి. ఈ పత్రిక చదివేవాళ్ళలో అక్కడ ఇల్లు కొనుక్కుని పన్ను కడుతున్నవాళ్ళు కూడా ఉంటారు. ఈ సంగతి వాళ్ళలో ఎంతమందికి తెలుసు?

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి దక్కాయి. 2036 ఒలింపిక్స్ కూడా తెచ్చుకోవాలని భారత్ గట్టిగా ప్రయత్నిస్తోంది. నాకూ ఆ ఆశ ఉంది. ఇలాంటి విషయాల మీద నగరవాసుల ఓటు తీసుకునే అలవాటు మన దేశంలో లేదు. ఓటు పెట్టలేకపోతే, పూచీకత్తు పూర్తిపాఠాన్ని సంతకానికి ముందే గుజరాతీలో అచ్చువేసి అహ్మదాబాద్‌లో ఇంటింటికీ పంచాలి.